ఇంగ్లీషులో ఇన్ని రకాల మసకలకు తెలుగులో ‘అస్పష్టం’ ఒక్కటేనా?

ప్రశ్న – కథల అనువాదకురాలు

నమస్కారం. పంతొమ్మిదో శతాబ్దం చివర వచ్చిన ఒక ఇంగ్లీషు పెద్దకథను తెలుగు చేస్తున్నాను. తొలిప్రతి చదివిన సంపాదకులు ‘అస్పష్టం’, ‘అస్పష్టంగా’, ‘అస్పష్టత’ అన్న మాటల కిందల్లా ఎర్రగీతలు గీసి, చివరి పుట అంచున ‘ఈ కథకుడిని ముందు కళ్ళ డాక్టరుకు చూపించండి’ అని రాసి పంపారు. నవ్వుకున్న తరువాత మూలాన్ని పక్కన పెట్టుకొని ఆ గీతలన్నీ సరిచూశాను. నేను ఒకే మాటతో సరిపెట్టిన చోట్ల ఆ రచయిత యాంబిగ్యుయస్, వేగ్, అబ్‌స్క్యూర్, మర్కీ, నెబ్యులస్, ఈక్వివోకల్ అని ఎక్కడికక్కడ వేరే మాట వాడాడు. నిఘంటువు తీస్తే అన్నిటి ఎదుటా అస్పష్టమైన, సందిగ్ధమైన, స్పష్టత లేని అన్న మూడు అర్థాలే వరుసలు మార్చుకొని కూర్చున్నాయి.

నాలుగు చోట్లు చెబుతాను. దీపం కొడిగట్టిన గదిలో మూలనున్నది ఏమిటో తెలియడం లేదు. ఊరికి కొత్తగా వచ్చిన పెద్దమనిషి ఎందుకు వచ్చాడో తెలియడం లేదు. చనిపోయిన వ్యక్తి రాసిపెట్టిన ఉత్తరంలో ఒక వాక్యానికి అర్థం తేలడం లేదు. ఇంటి పనిమనిషిని నిలదీస్తే ఆమె చెప్పిన జవాబు అవునో కాదో తెలియడం లేదు. ఈ నాలుగింటినీ నేను ‘అస్పష్టం’ అనే ఒక్క గాటికి కట్టేశాను.

నా సందేహం ఇది. ఇంగ్లీషు రచయితలు ఈ మాటల మధ్య నిజంగా తేడా పాటిస్తారా, లేక చెప్పిన మాటే మళ్ళీ చెప్పకూడదన్న బడి అలవాటు కొద్దీ మారుస్తూ పోతారా? తేడా ఉన్నదే అయితే దానిని తెలుగులో నిలబెట్టుకొనే దారి ఏమిటి? విశేషణానికి విశేషణం వెతికి పెట్టుకుంటూ పోతే వాక్యం సంస్కృత సమాసాల మూటగా తయారవుతోంది.

సమాధానం – విశ్రాంత ఆంగ్లోపన్యాసకుడు

అమ్మా, మీ మొదటి అనుమానంలో కొంత నిజం ఉంది. మాట తిరిగి రాకూడదన్న భయంతో పర్యాయపదాలు మార్చే అలవాటును, ఇంగ్లీషు వాడుక మీద పుస్తకం రాసిన ఫౌలర్ సోదరులు 1906లోనే ‘ఎలిగెంట్ వేరియేషన్’ అని పేరుపెట్టి ఎగతాళి చేశారు. అయితే మీరు చెప్పిన మాటలు ఆ బాపతు కావు. మంచి రచయిత వాటిని ఎన్నుకొనేటప్పుడు, విషయం తెలియకపోవడానికి కారణం ఎక్కడుంది అన్న ప్రశ్నకు తనకు తెలియకుండానే జవాబు చెబుతాడు. వెలుతురు చాలక తెలియలేదా, హద్దులు లేక తెలియలేదా, రెండు దారులుండటం వల్ల తెలియలేదా, ఎవరో కావాలని దాచడం వల్ల తెలియలేదా అన్నదే అక్కడి తేడా.

మాటల పుట్టుక చూస్తే ఇది తేటపడుతుంది. అబ్‌స్క్యూర్ లాటిన్‌లో చీకటి, ఒపేక్ నీడ, నెబ్యులస్ పొగమంచు. మర్కీ మాత్రం లాటిన్ నుంచి రాలేదు, ఉత్తరాది జర్మానిక్ భాషల పాత మాట, దాని అర్థమూ చీకటే. ఇప్పుడు అడుగు కనిపించని బురదనీటికీ, పైకి చెప్పుకోలేని లావాదేవీలకూ ఎక్కువగా వాడతారు. వేగ్ అన్నమాట ‘తిరుగాడే’ అన్న అర్థం గల లాటిన్ మాట నుంచి వచ్చింది. ఒకచోట నిలవని ఊహ అన్నమాట. యాంబిగ్యుయస్‌లో ‘రెండు వైపులకూ తోలడం’ ఉంది. బండి ఒకటే, దారులు రెండు. ఈక్వివోకల్ అంటే సమానంగా పలికే గొంతులు. అందువల్ల చీకటి గది అబ్‌స్క్యూర్ కావచ్చు గాని యాంబిగ్యుయస్ కాదు. మీ ఉత్తరంలోని వాక్యం నిండు వెలుతురులో చదివినా యాంబిగ్యుయస్‌గానే ఉంటుంది. పనిమనిషి జవాబు ఈక్వివోకల్, ఎందుకంటే అక్కడ రెండు అర్థాలను సిద్ధం చేసిపెట్టిన మనిషి ఒకరున్నారు.

ఈ చివరి మాటకు ఒక నెత్తుటి చరిత్ర కూడా ఉంది. 1605లో పార్లమెంటును పేల్చివేయబోయిన కుట్ర బయటపడ్డాక, 1606లో హెన్రీ గార్నెట్ అనే జెసూట్ (ఒక క్యాథలిక్ సంఘం) మతగురువును విచారించి ఉరితీశారు. ప్రమాణం చేసి కూడా రెండర్థాల జవాబు చెప్పవచ్చునన్న వాదాన్ని అతను సమర్థించడం ఆ విచారణలో పెద్ద నేరమైంది. ఆ కాలానికే చెందినదిగా భావించే షేక్‌స్పియర్ మాక్‌బెత్ నాటకంలో ద్వారపాలకుడు తాగిన మత్తులో ‘ఈక్వివొకేటర్’ ఒకడు నరకానికి వచ్చి తలుపు తట్టినట్టు ఊహించుకొని పరిహాసమాడతాడు. మంత్రగత్తెలు చెప్పిన జోస్యాలు కూడా అక్షరాలా నిజమై, అర్థంలో మోసమవుతాయి. ఆ మాట విన్న ఇంగ్లీషు పాఠకుడి చెవిలో ‘తెలియకపోవడం’ కన్నా ‘తప్పించుకోవడం’ ముందు మోగుతుంది. దానిని ‘అస్పష్టం’ అంటే ఆ మనిషికి క్షమాభిక్ష పెట్టినట్టే.

ఇక మీ మొదటి ఉదాహరణకు, అంటే చీకటిలోని వస్తువుకు, వస్తాను. ఇంగ్లీషులో దీనికి పెద్ద సంప్రదాయమే ఉంది. మిల్టన్ 1667లో అచ్చయిన తన మహాకావ్యం ‘పారడైజ్ లాస్ట్’ రెండవ సర్గలో మృత్యువును వర్ణిస్తూ, దానిని ఆకారమని అనవచ్చునో లేదో, అవయవాలూ కీళ్ళూ విడివిడిగా తెలియని దానిని ఆకారమని ఎలా అంటామో అని తటపటాయిస్తాడు. తల అనిపించే చోట కిరీటంలాంటిది ఉందంటాడు. తొంభై ఏళ్ళ తరువాత, 1757లో, ఎడ్మండ్ బర్క్ అనే రచయిత, ఉదాత్తత మీద రాసిన గ్రంథంలో ఆ పంక్తులను ఎత్తిచూపి, ఇక్కడ అంతా చీకటిగా, అనిశ్చితంగా, గందరగోళంగా ఉంది కాబట్టే ఇంత భయంకరంగానూ ఉదాత్తంగానూ ఉందని మెచ్చుకున్నాడు. స్పష్టమైన ఊహ అంటే చిన్న ఊహకు మరో పేరని కూడా అదే గ్రంథంలో అన్నాడు. అప్పటినుంచి ఇంగ్లీషు భయానక కథలకు ఇదొక హక్కుపత్రమైంది. అయితే మిల్టన్ పంక్తులను మళ్ళీ చూడండి: ‘అస్పష్టం’ అన్న విశేషణం వేసి చేతులు దులుపుకోలేదు, అవయవం, కీలు, తల, కిరీటం అన్నీ పేరుపేరునా చెప్పి, ఒక్కొక్కదానినీ ఉందో లేదో అన్నట్టు వదిలేశాడు. వివరాలు కరుగుతున్నట్టు చూపాలంటే ముందు వివరాలు ఉండాలి కదా.

ఈ తేడా బాగా తెలిసేది నవలాకారుడు కాన్రాడ్ దగ్గర. కాంగో నది మీద ప్రయాణాన్ని చెప్పే అతని ప్రసిద్ధ రచన ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ 1899లో పత్రికలో వచ్చింది. అందులో తెల్లవారేసరికి నది మీద కమ్ముకున్న తెల్లని మంచు ఎంత ఖచ్చితంగా ఉంటుందంటే, అది వెచ్చగా, జిగటగా, రాత్రికన్నా ఎక్కువ గుడ్డిగా ఉందనీ, ఎనిమిదో తొమ్మిదో గంటలకు దుకాణం తలుపు పైకి లేచినట్టు లేచిందనీ చెబుతాడు. మంచు వల్ల ఏమీ కనిపించడం లేదు గాని మంచు మాత్రం కళ్ళకు కట్టింది. అదే రచనలో అడవి గురించి చెప్పవలసి వచ్చినప్పుడు అంతుచిక్కని, ఊహకందని, మాటలకందని అన్న అర్థాల విశేషణాలు బారులు తీరతాయి. విమర్శకుడు ఎఫ్. ఆర్. లీవిస్ 1948లో సరిగ్గా దీనినే తప్పుపట్టాడు: మాటలకందనిదని పదే పదే నొక్కి చెప్పినంత మాత్రాన రహస్యం లోతు పెరగదని అతని వాదన. లీవిస్ చాలా విషయాల్లో మొండివాడని నా అభిప్రాయం, కానీ ఈ ఒక్కచోట అతనిదే న్యాయం. మీ సంపాదకుల ఎర్రగీతలూ ఆ వంశానివే.

హెన్రీ జేమ్స్ దారి వేరు. అతని 1898 నాటి దయ్యాల కథ ‘ద టర్న్ ఆఫ్ ద స్క్రూ’లో పిల్లల సంరక్షకురాలికి కనిపించేవి నిజంగా దయ్యాలా, ఆమె మనసు కల్పించినవా అన్నది తేలదు. విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ 1934లో రెండో వైపు గట్టిగా వాదించిన తరువాత ఆ తగవు మరీ ముదిరింది. ఆశ్చర్యమేమిటంటే ఆ సంరక్షకురాలు చూసినదానిని చాలా స్పష్టంగా చెబుతుంది: జుట్టు రంగు, కనుబొమలు, ముఖం తీరు. వస్తువు స్పష్టం, చూసిన మనిషి మీదే అనుమానం. ఇక్కడ అస్పష్టత వాక్యంలో లేదు, కథ కట్టుబడిలో ఉంది. అనువాదకుడు తొందరపడి వాక్యంలోకి మసక తెస్తే ఆ కట్టుబడి కూలిపోతుంది.

ఎంప్సన్ పేరు చెప్పకుండా ముగిస్తే పాత విద్యార్థులు ఊరుకోరు. కేంబ్రిడ్జిలో ఐ. ఏ. రిచర్డ్స్ శిష్యుడైన విమర్శకుడు విలియం ఎంప్సన్ 24 ఏళ్ళ వయసులో, 1930లో, యాంబిగ్విటీని ఏడు రకాలుగా విడదీసి ఒక పుస్తకం వేశాడు. అప్పటిదాకా లోపమనుకున్న దానిని కవిత్వానికి మూలధనంగా చూపడం అతని సాహసం. షేక్‌స్పియర్ 73వ సానెట్‌లో ముసలితనాన్ని, ఇదివరకు పక్షులు పాడిన, ఇప్పుడు బోసిపోయి శిథిలమైన ‘క్వాయర్లు’ అంటాడు. ఆ మాటకు గుడిలో గాయకులు కూర్చునే చోటు అని అర్థం. ఆకులు రాలిన కొమ్మలు, చెక్కతో చెక్కిన ఆసనాలు, ఎనిమిదో హెన్రీ కాలంలో పాడుబడిన మఠాలు, అన్నీ అందులో ఒకేసారి పలుకుతాయి, దేనినీ ఎంచుకోనక్కర లేదు. ఇది మన శ్లేష కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథగానూ భారతకథగానూ చదువుకోవచ్చు గాని, ఆ రెండు అర్థాలూ పదాల విరుపుతో రెండు చెట్టుకొమ్మల్లా విడిపోతాయి. ఏది ఎక్కడిదో పండితుడు వేలుపెట్టి చూపగలడు. ఎంప్సన్ చెప్పేది అలా విడదీయరానిది.

సమాధానం – సివిల్ న్యాయవాది

సాహిత్యం గురించి పెద్దలు చెప్పారు కాబట్టి నేను మా కోర్టు ఇంగ్లీషు సంగతి చెబుతాను, ఎందుకంటే యాంబిగ్యుయస్‌కూ వేగ్‌కూ మధ్య తేడా పాటించకపోతే డబ్బు పోయే చోటు అదే.

1864లో ఇంగ్లండులో తీర్పు వచ్చిన రాఫిల్స్ వర్సెస్ విచెల్‌హాస్ వ్యాజ్యం లా విద్యార్థులందరికీ తెలుసు. బొంబాయి నుంచి ‘పీర్‌లెస్’ అనే ఓడ మీద వచ్చే 125 బేళ్ళ సూరత్ పత్తిని కొంటానని ఒప్పందం. తీరా చూస్తే ఆ పేరుతో రెండు ఓడలున్నాయి. ఒకటి అక్టోబరులో, మరొకటి డిసెంబరులో బయలుదేరాయి. కొన్నవాడు ఒకటి అనుకున్నాడు, అమ్మినవాడు ఇంకొకటి పంపాడు. తీర్పు కొనుగోలుదారు పక్షాన వచ్చింది. ఆ ఒప్పందంలో మసకబారిన మాట ఒక్కటీ లేదు. పేరు స్పష్టం, ఊరు స్పష్టం, లెక్క స్పష్టం. పేరు రెండు వస్తువులకు తగిలింది, అంతే.

ఇలాంటి సందర్భాలకే మన 1872 నాటి సాక్ష్యాధారాల చట్టంలో 93 నుంచి 97 వరకు సెక్షన్లు ఉండేవి. ఆ చట్టాన్ని రూపొందించిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ స్వయంగా మంచి వ్యాసరచయిత (నవలాకారిణి వర్జీనియా వుల్ఫ్‌కు పెదనాన్న కూడా). కాబట్టి అతను చట్టంలో జతచేసిన ఉదాహరణలు చిన్న చిన్న కథల్లా ఉంటాయి. ఒక గుర్రాన్ని ‘వెయ్యి రూపాయలకు గాని పదిహేను వందలకు గాని’ అమ్ముతానని రాసుకుంటే, కాగితం మీద చూడగానే లోపం కనిపిస్తోంది కాబట్టి, ఏ ధర అనుకున్నారో చెప్పడానికి సాక్ష్యం ఒప్పుకోరు. అదే ‘నా తెల్ల గుర్రం’ అని రాసుకొని, అమ్మేవాడికి తెల్ల గుర్రాలు రెండుంటే, ఏ గుర్రమో తేల్చడానికి సాక్ష్యం ఒప్పుకుంటారు. మొదటిదానిని పేటెంట్ యాంబిగ్విటీ అనీ రెండవదానిని లేటెంట్ యాంబిగ్విటీ అనీ మేము అంటాము. మొదటిది కాగితం మీది చిక్కు, రెండవది లోకంలోకి వెళ్ళాక బయటపడే చిక్కు. తెల్ల గుర్రం వెంటనే వచ్చే ఉదాహరణ తెలుగువాళ్ళు ముచ్చటపడదగినది: ఒకడు మరొకడితో హైదరాబాదుకు తోడు వస్తానని ఒప్పుకున్నాడు, దక్కను హైదరాబాదా, సింధు హైదరాబాదా అన్నది సాక్ష్యంతో తేల్చుకోవచ్చు.

వేగ్ అన్నది దీనికి పూర్తిగా భిన్నం. ఆన్‌లైన్‌లో పెట్టే రాతలను నేరంగా చూసే సమాచార సాంకేతిక చట్టం 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసినప్పుడు, ‘చికాకు’, ‘అసౌకర్యం’, ‘తీవ్రంగా అభ్యంతరకరమైన’ అన్న అర్థాలిచ్చే ఇంగ్లీషు మాటలకు హద్దు లేకపోవడాన్ని ప్రధాన లోపంగా చూపింది. ‘చికాకు’కు రెండు అర్థాలు లేవు, ఒకటే అర్థం, కానీ అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. తెల్ల గుర్రాలు రెండయితే ఏదో ఒకదానిని ఎంచుకోగలం. గుర్రం ఎంత తెల్లగా ఉంటే తెల్ల గుర్రం అనాలి అన్నది వేరే రకం తగవు. అనువాదంలో మొదటిదానికి ‘రెండర్థాల’, ‘రెండు విధాలా చెల్లే’ అనీ, రెండవదానికి ‘హద్దు తెలియని’, ‘ఇదమిత్థమని చెప్పలేని’ అనీ వాడితే మా వృత్తిలో పని జరుగుతుంది. కథలో సరిపడుతుందో లేదో మీరే చూసుకోవాలి.

మీ కథలోని చనిపోయిన వ్యక్తి ఉత్తరం గురించి ఒక చిన్న మనవి. దాని మీద ఆస్తి ఆధారపడి ఉంటే ఆ వాక్యం మూలంలో ఎన్ని అర్థాలకు తావిస్తుందో తెలుగులోనూ అన్నింటికే తావివ్వాలి. ఒకటి ఎక్కువైనా కథలోని వకీలు పాత్ర వెర్రివాడవుతాడు.

సమాధానం – వాతావరణ శాస్త్ర విద్యార్థి

శాస్త్ర రచనలో ఈ సమస్యను మరోలా పరిష్కరించుకున్నారు. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ వెలువరించే నివేదికల్లో ‘లైక్లీ’ అంటే 66 శాతానికి తగ్గని సంభావ్యత అనీ, ‘వెరీ లైక్లీ’ అంటే 90 శాతానికి తగ్గనిదనీ, ‘వర్చువల్లీ సర్టెన్’ అంటే 99 శాతానికి తగ్గనిదనీ ముందే నిర్ణయించి పెట్టుకున్నారు. అంటే అనిశ్చితిని స్పష్టంగా చెబుతున్నారు. వీటిని తెలుగు వార్తల్లో విచక్షణ లేకుండా ‘అవకాశం ఉంది’ అని రాసేస్తుంటే, 66కూ 99కీ తేడా పోయి, వాన పడే అవకాశం ఉంది అన్న పాత మాటకు పట్టిన గతే వీటికీ పడుతోంది.

సమాధానం – వ్యాసాల అనువాదకుడు

పైన చెప్పినవాటితో నాకు పేచీ లేదు గాని, అందరూ విశేషణాల చుట్టూనే తిరుగుతున్నారు. ఇంగ్లీషు రచయిత అస్పష్టతను చెప్పడానికి విశేషణాల కన్నా చిన్నచిన్న ఊతమాటల మీదే ఎక్కువ ఆధారపడతాడు: సీమ్డ్, యాజ్ ఇఫ్, సార్ట్ ఆఫ్, కైండ్ ఆఫ్, పర్‌హాప్స్, యాజ్ ఇట్ వర్, రంగుల వెనకా అంకెల వెనకా తగిలించే ‘ఇష్’. భాషాశాస్త్రవేత్త జార్జ్ లేకాఫ్ 1970ల తొలినాళ్ళలో వీటిని ‘హెడ్జ్‌లు’ అన్నాడు, అంటే మాట చుట్టూ వేసుకొనే కంచెలు. తెలుగులో ఈ పనికి ప్రత్యయాలున్నాయి, క్రియలున్నాయి, జంట అంకెలున్నాయి. ‘ఎవరో వచ్చారు’ అన్నప్పుడు ఆ ‘ఓ’ అన్న ఒక్క అచ్చులో ఎంత మసక ఉందో చూడండి. ‘వచ్చాడట’ అంటే నేను చూడలేదు, పూచీ నాది కాదు అని. ‘వచ్చాడు కాబోలు’ అంటే ఆనవాళ్ళను బట్టి ఊహిస్తున్నానని. ‘వచ్చాడేమో’ అంటే ఆ ఊహకూ బలం లేదని. ఇంగ్లీషువాడు ఆరింటికి ‘ఇష్’ తగిలిస్తే మనం ‘ఆరు ఆరున్నరకు’ అంటాం. ‘ఎ ఫ్యూ మెన్’ అంటే ‘నలుగురైదుగురు’ అంటాం. రెండు అంకెలు చెప్పి దేనికీ కట్టుబడకపోవడం మన సొంత విద్య.

మరొక సంగతి. ఇంగ్లీషు వ్యాసకర్తలకు ‘నాట్ అన్’ అనే రెండు వ్యతిరేకాల జబ్బు ఉందని జార్జ్ ఆర్వెల్ 1946లో వెక్కిరించాడు. ఆ జబ్బు కుదరాలంటే ఒక వాక్యం కంఠతా పట్టమన్నాడు. తెలుగులో అది సుమారుగా ఇలా ఉంటుంది: నల్లనిది కాకపోని కుక్క ఒకటి, చిన్నది కాకపోని కుందేలును, పచ్చనిది కాకపోని పొలానికి అడ్డంగా తరుముతోంది. ఈ వాక్యాన్ని తెలుగు చేసిన రోజున నాకు నవ్వు ఆగలేదు. కానీ, అందులో నిజం లేకపోలేదు, అతనికి తెలియకపోలేదు అన్నవి మన నోట సహజంగా వచ్చే మాటలే కదా! ఇంగ్లీషులో నీళ్ళు నమలడంగా వినిపించేది తెలుగులో మర్యాదగా ఒప్పుకోవడంగా వినిపిస్తుంది. అందువల్ల మూలంలో ‘నాట్ అన్‌లైక్లీ’ అని ఉంటే కళ్ళు మూసుకొని ‘కాకపోదు’ అనేయకండి. అక్కడ రచయిత తడబాటునా, గడుసుతనాన్నా దేనిని చూపుతున్నాడో చూడండి.

మీరు సంస్కృత సమాసాల మూట అన్నారు గాని, మన ఆలంకారికులు ఈ తేడాలను ఎప్పుడో గుర్తించారు. మమ్మటుడు చెప్పిన పదదోషాల్లో రెండర్థాల మధ్య ఊగేది సందిగ్ధం. అర్థం చాలా దూరం తిరిగి వచ్చేది క్లిష్టం. ఒక శాస్త్రం చదివినవారికి మాత్రమే తెలిసే మాట అప్రతీతం. ఒక శాస్త్రవేత్తల గుంపు మాటలు బయటివాడికి తెలియకపోతే ఇంగ్లీషువాడు అబ్‌స్క్యూర్ అంటాడే, అది ఈ అప్రతీతమే. అయితే ఈ పేర్లు విమర్శకు పనికివస్తాయి గాని కథలో పనికిరావు. కథలో మన జాను తెలుగు మాటలు వేరే బొమ్మలు చూపిస్తాయి. అంతుపట్టని అన్నది లోతు, కొరుకుడుపడని అన్నది పళ్ళ మాట, డొంకతిరుగుడు నడిచే దారి, తిరకాసు మోసం. ఇంగ్లీషు మాటల్లో సగం మంచూ చీకటీ అయితే, మనవాటిలో దారీ లోతూ నోరూ ఎక్కువ. మంచు మాటకు మంచు మాటే వెతుక్కోనక్కర లేదు.

మళ్ళీ – కథల అనువాదకురాలు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి కూర్చొని నాలుగు చోట్లనూ తిరగరాశాను. గదికి: ‘దీపం కొడిగట్టింది, మూలనున్నది కోటు తగిలించిన కొయ్యో, మనిషో పోల్చుకోలేకపోయాను.’ కొత్త పెద్దమనిషికి: ‘ఆయన రాకలోని ఆంతర్యం ఎవరికీ అంతుపట్టలేదు.’ ఉత్తరానికి: ‘ఆ వాక్యాన్ని రెండు విధాలా చదువుకోవచ్చు, రెండూ అతని నోట వచ్చే మాటలే.’ పనిమనిషికి: ‘అవుననలేదు, కాదనలేదు, మాట తప్పించింది.’ నాలుగింటిలోనూ ‘అస్పష్టం’ లేదు, మూలంలోని విశేషణం కూడా లేదు. సంపాదకులు ఒప్పుకుంటారో లేదో చూడాలి.

ఒక చిక్కు మిగిలింది. కథ చివర చెరువు అవతలి గట్టున ‘ఎ ఫిగర్’ కనిపిస్తుంది. మూలంలో రచయిత రెండు పేరాల దాకా ‘షీ’ అనీ ‘ఇట్’ అనీ అనకుండా, ‘ద ఫిగర్’ అన్నమాటనే నాలుగుసార్లు వాడి నెట్టుకొస్తాడు. నేను ‘ఆకారం’ అంటే మొదటి వాక్యంలోనే దయ్యమైపోతోంది. ‘ఎవరో’ అంటే మనిషని తేలిపోతోంది.

సమాధానం – విశ్రాంత ఆంగ్లోపన్యాసకుడు

గది వాక్యం మిల్టన్ పద్ధతిలోనే వచ్చింది. కొయ్యను తెచ్చిపెట్టడం బాగుంది. ఉత్తరం వాక్యానికి న్యాయవాది గారు మార్కులు వేయాలి.

చెరువు గట్టు దగ్గర మీకు మూలరచయితకు లేని వెసులుబాటు ఒకటి ఉంది. ఇంగ్లీషులో కర్త లేకుండా వాక్యం నడవదు, సర్వనామం వేస్తే ‘షీ’ అనో ‘ఇట్’ అనో తేల్చి చెప్పాలి. అందుకే పాపం అతను ‘ద ఫిగర్’ను అన్నిసార్లు మోసుకు తిరిగాడు. తెలుగులో కర్తను వదిలేయవచ్చు, పైగా ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకూ జంతువుకూ క్రియ ఒకటే. ‘ఆకారం’, ‘ఎవరో’ రెండింటినీ తీసేయండి. ‘చెరువు అవతలి గట్టున, నల్లగా, నిలబడి ఉంది. ఇటే చూస్తోంది. నేను కదిలినా కదలలేదు’ అని రాసి చూడండి. చదివేవారికి ఆమె అనిపించవచ్చు, అది అనిపించవచ్చు. మూడు వాక్యాలు గడిచినా వ్యాకరణం ఎటూ తేల్చదు. మూలంలో ఆమె పేరు ఎక్కడ బయటపడుతుందో అక్కడే, దానికి ఒక్క వాక్యం కూడా ముందు కాకుండా, మీరూ ‘ఆమె’ అనండి.